పది నుంచి సున్నా దాకా: ఒక సినిమా ట్రిక్కు చరిత్ర

మన తెలుగు పేపర్లలో ఏడాది పొడుగునా ఏదో ఒకదానికి కౌంట్‌డౌన్ మొదలవుతూనే ఉంటుంది. ప్రతిపక్షంలో ఎవరుంటే వాళ్ళు ఈ ప్రభుత్వానికి కౌంట్‌డౌన్ మొదలైందంటారు. ఐదేళ్ళకి కుర్చీలు మారతాయి, డైలాగ్ మారదు. పెద్ద హీరో సినిమా టీజర్‌కి కౌంట్‌డౌన్, ఆ టీజర్ తేదీ చెప్పే పోస్టర్‌కి ఇంకో కౌంట్‌డౌన్. కొత్త ఫోన్ ఫ్లాష్ సేల్ అయితే చెప్పక్కర్లేదు, ఎర్రంకెలు సెకన్లతో సహా పరిగెడుతుంటాయి, సున్నా అవగానే ‘అవుట్ ఆఫ్ స్టాక్’ అని వస్తుంది. వీటన్నిటి మధ్యా ఎప్పుడో ఒకసారి శ్రీహరికోటలో నిజంగా రాకెట్‌కే కౌంట్‌డౌన్ మొదలవుతుంది. ఆ వార్త లోపలి పేజీలో, బంగారం రేట్ల పక్కన సింగిల్ కాలమ్‌లో ఉంటుంది.

ఇదంతా చూస్తే రాకెట్ వాళ్ళ మాటని మిగతా లోకం అరువు తెచ్చుకుందనిపిస్తుంది. అసలు కథ కొంచెం తిరగబడి ఉంది. రాకెట్‌ని అంకెలు వెనక్కి లెక్కపెట్టి వదలడం జనం మొదట చూసింది సినిమా హాల్లో. అదీ మాటల్లేని సినిమాలో, మనిషన్నవాడు ఒక్క రాకెట్‌ని కూడా అంతరిక్షంలోకి పంపకముందు. ఆ సినిమా కౌంట్‌డౌన్‌కీ తర్వాత ఇంజనీర్లు తయారుచేసుకున్న కౌంట్‌డౌన్‌కీ అంకెలు ఒకటే, పని మాత్రం పూర్తిగా వేరు. మనం అరువు తెచ్చుకున్నది రెండో దాన్ని కాదు, మొదటిదాన్ని. ఈ వ్యాసం ఆ తేడా గురించి.

*

ముందు సినిమా కన్నా ముందు సంగతి. జూల్ వెర్న్ 1865లో చంద్రుడి మీదకి మనుషుల్ని పంపే నవల రాశాడు. అందులో రాకెట్ లేదు, ఫ్లోరిడాలో నేలలోకి దింపిన ఒక బ్రహ్మాండమైన ఫిరంగి ఉంటుంది. ముగ్గురు మనుషుల్ని గుండులో కూర్చోబెట్టి పేలుస్తారు. (ఆ పేలుడుకి లోపలివాళ్ళు చట్నీ అయిపోవాలి, కానీ వెర్న్ హీరోలకి ఏమీ కాదు. ఈ విషయంలో మన సినిమాలకి ఆయనే ఆదిగురువు.) ముహూర్తం రాత్రి 10 గంటల 46 నిమిషాల 40 సెకన్లకి. మన పంతుళ్ళు కూడా సెకన్ల దాకా వెళ్ళరు. ఒక ఇంజనీరు గడియారం చూస్తూ ఆఖరి సెకన్లు లెక్కపెడతాడు. ముప్పై ఐదు, ముప్పై ఆరు అంటూ పైకి. నలభై అనగానే మీట నొక్కుతాడు.

అంటే మన దాగుడుమూతల్లో దొంగ లెక్కపెట్టినట్టే. అంతకన్నా సహజమైన పద్ధతి ఏముంది? లెక్క అంటే చిన్న అంకె నుంచి పెద్ద అంకెకి. చిక్కల్లా ఎక్కడంటే, నలభై దగ్గర పేలుతుందని ముందే గుర్తు పెట్టుకున్న పాఠకుడికే ఉత్కంఠ. మిగతావాళ్ళు ముప్పై తొమ్మిది దగ్గర కూడా తాపీగానే ఉంటారు.

ఈ చిక్కుని విప్పినవాడు జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్. ‘మెట్రోపాలిస్’ తీసినాయన. ఆ సినిమాకి ఖర్చు చేతులు దాటిపోయి నిర్మాణ సంస్థ ‘ఊఫా’ ఆర్థికంగా చితికింది. మన ఇండస్ట్రీలో అయితే అలాంటి దర్శకుడికి ఫోన్లు ఎత్తడం మానేస్తారు. ఆయనకి మాత్రం చంద్రుడి మీద సినిమా దొరికింది. ‘చంద్రుడిలో స్త్రీ’ అని అర్థం వచ్చే పేరుతో ఆ సినిమా 1929 అక్టోబర్ 15న బెర్లిన్‌లో విడుదలైంది. కథ లాంగ్ భార్య తేయా ఫాన్ హార్బూది.

సినిమా నిడివి రెండున్నర గంటలు దాటుతుంది. మొదటి గంట గూఢచారులూ కుట్రలూ. ఓపిక పట్టి కూర్చుంటే రాకెట్ వస్తుంది. అది మామూలు రాకెట్ కాదు. పెద్ద షెడ్డులో నిలువుగానే కట్టి పట్టాల మీద మెల్లగా బయటికి లాక్కొస్తారు. ఒక దశ ఇంధనం అయిపోగానే దాన్ని వదిలేసి పై దశ అంటుకుంటుంది. వేగం ఒత్తిడికి తట్టుకోడానికి మనుషులు పడుకుని ప్రయాణం చేస్తారు. బరువు లేని స్థితిలో కాళ్ళు నిలవడానికి నేల మీద పట్టీలుంటాయి. అపోలో ప్రయోగాలు చూసినవాళ్ళకి ఇవన్నీ తెలిసినవే. కానీ ఇది అపోలోకి నలభై ఏళ్ళ ముందు.

ఇంత సైన్స్ చూపించి చంద్రుడి మీద దిగాక మాత్రం అగ్గిపుల్ల గీసి, అది వెలిగింది కాబట్టి గాలి ఉందని తేల్చేస్తారు. ప్రొఫెసర్‌గారు మంత్రదండం లాంటి కర్ర పట్టుకుని గుహల్లో తిరుగుతాడు, మన ఊళ్ళలో బోరు పాయింట్ చూసేవాళ్ళలాగా. అక్కడ బంగారం దొరుకుతుంది. సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో సైన్స్ ఇంటర్వెల్ దాకానే ఉండాలన్న రూలు అప్పుడే పుట్టిందేమో.

ఆ రాకెట్ బయల్దేరే ఘట్టంలో లాంగ్‌కి ఒక సమస్య వచ్చింది. సినిమా మూకీ. ఇంజన్ హోరు వినిపించలేడు, ఎవరూ అరవలేరు. తెర మీద అక్షరాలే దిక్కు. అప్పుడు ఇంకా ఇన్ని సెకన్లు అని రాయించి, చివర్లో ఆరు, ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి అంటూ ఒక్కొక్క అంకె చూపించి, తర్వాత ‘ఇప్పుడు’ అని వేశాడు. పైకి లెక్కపెడితే ఎక్కడ ఆగుతుందో ప్రేక్షకుడికి తెలీదు, కిందికి లెక్కపెడితే సున్నా తర్వాత ఏమీ లేదని అందరికీ తెలుసు. ఇది తర్వాతి రోజుల్లో లాంగ్ స్వయంగా ఇచ్చుకున్న వివరణ. ఇందులో ఫిజిక్స్ లేదు, హాల్లో కూర్చున్నవాణ్ణి కుర్చీ అంచుకి లాక్కొచ్చే కిటుకు మాత్రమే ఉంది.

*

సినిమాలో సైన్స్ అంత బాగుండడానికి కారణం హెర్మన్ ఓబర్త్. ట్రాన్సిల్వేనియాలో లెక్కలూ ఫిజిక్సూ చెప్పుకునే స్కూలు మాస్టారు. రాకెట్ మీద ఆయన రాసిన డాక్టరేట్ సిద్ధాంతాన్ని యూనివర్సిటీ తిప్పి పంపితే, దాన్నే 1923లో పుస్తకంగా వేసుకున్నాడు. లాంగ్ ఆయన్ని సలహాదారుగా పెట్టుకున్నాడు. ఊఫా పబ్లిసిటీ వాళ్ళు ఒక అడుగు ముందుకేసి, సినిమా విడుదల రోజున నిజమైన రాకెట్‌నే ఎగరేయిద్దామన్నారు. డబ్బులిచ్చారు, పేపర్లకి చెప్పారు. మాస్టారు సిద్ధాంతంలో దిట్టేగానీ ఆయనకి వర్క్‌షాపు అలవాటు లేదు. ప్రయోగాల్లో పేలుడు జరిగి ఆయన కంటికి గాయమైంది. ప్రీమియర్ నాటికి రాకెట్ లేదు. తయారుకాని వస్తువుకి తేదీ ప్రకటించి ప్రచారం చేసే పద్ధతి సిలికాన్ వ్యాలీ కనిపెట్టిందనుకునే నా తోటి ఇంజనీర్లకి ఈ సంగతి మనవి.

ఓబర్త్ మాత్రం ఊరుకోలేదు. 1930లో బెర్లిన్‌లో తన చిన్న ఇంజన్‌ని మండించి చూపించాడు. ఆ రోజు పక్కనుండి సాయం చేసిన కుర్రాళ్ళలో పద్దెనిమిదేళ్ళ వెర్నర్ ఫాన్ బ్రౌన్ ఒకడు. పన్నెండేళ్ళ తర్వాత, 1942 అక్టోబర్ 3న, అదే ఫాన్ బ్రౌన్ బృందం తయారుచేసిన వి-2 మొదటిసారి విజయవంతంగా ఎగిరింది. ఆ రాకెట్ అడుగు భాగాన చంద్రవంక మీద కూర్చున్న అమ్మాయి బొమ్మ వేశారు. లాంగ్ సినిమాకి నమస్కారమన్నమాట.

ఇక్కడ నవ్వడం ఆపాలి. వి-2 చంద్రుడి మీదకి వెళ్ళలేదు, లండన్ మీదా యాంట్‌వెర్ప్ మీదా పడింది. దాన్ని కొండ కింది సొరంగాల్లో కాన్‌సెంట్రేషన్ క్యాంపు ఖైదీల చేత తయారుచేయించారు. ఆ రాకెట్ పడి చచ్చిపోయినవాళ్ళకన్నా దాన్ని తయారుచేస్తూ చచ్చిపోయినవాళ్ళే ఎక్కువ. రాకెట్ చరిత్రలో ఈ పేజీ తిప్పకుండా ముందుకెళ్ళడం కుదరదు. యుద్ధం అయ్యాక ఫాన్ బ్రౌన్‌నీ బృందాన్నీ అమెరికా తెచ్చుకుంది. చంద్రుడి దాకా వెళ్ళిన సాటర్న్ రాకెట్ ఆయన చేతి మీదుగానే వచ్చింది.

మరి నాసా కౌంట్‌డౌన్ లాంగ్ సినిమా చూసి పెట్టిందేనా? ఒక్క మాటలో అవునంటే ట్రివియా ప్రేమికులు సంతోషిస్తారు. ఆ కుర్రాళ్ళంతా ఆ సినిమా పిచ్చివాళ్ళన్నది నిజం. కానీ ద్రవ ఇంధనం నింపే రాకెట్ దగ్గర సినిమా లేకపోయినా ఆ లెక్క అవసరం పడేది. అవసరం ఏమిటో తెలియాలంటే పెళ్ళింటికి వెళ్ళాలి.

*

ముహూర్తం ఉదయం 9 గంటల 12 నిమిషాలకి అనుకోండి. ఆ ఇంట్లో ఎవరూ పైకి లెక్కపెట్టరు. ముహూర్తానికి గంట ముందు గౌరీపూజ, దానికి ముందు పెళ్ళికూతురు ముస్తాబు, దానికి ముందు బ్యూటీషియన్ రావాలి, ఆమెకి కారు పంపాలి, కారు డ్రైవర్‌ని నాలుగింటికి లేపాలి. అన్నీ 9:12 నుంచి వెనక్కి. రాకెట్ కౌంట్‌డౌన్ కూడా ఇంతే. సున్నా అన్నది పైకి లేచే క్షణం. దానికి ఇన్ని గంటల ముందు ఈ ట్యాంకు నింపాలి, ఇన్ని నిమిషాల ముందు ఈ కవాటం మూయాలి, ఆ తర్వాత కరెంటు బయటి సరఫరా నుంచి లోపలి బ్యాటరీకి మారాలి. ‘టి మైనస్’ అని వాళ్ళనేది దీన్నే. చంద్రయాన్-3కి ఈ పని ఇరవై ఐదున్నర గంటలు. సున్నా దగ్గర మనం చప్పట్లు కొట్టే పది సెకన్లు దాని తోక.

ఇంధనాల సంగతి చూస్తే తొందరపడకూడదని మనకే అర్థమవుతుంది. చంద్రయాన్-3ని మోసుకెళ్ళిన రాకెట్ పై దశలో ద్రవ హైడ్రోజన్ ఉంటుంది, మైనస్ 253 డిగ్రీల దగ్గర. పక్కనే ద్రవ ఆక్సిజన్, మైనస్ 183. ముందే నింపి పెట్టుకుందామంటే ఆవిరైపోతాయి. ఆలస్యమైతే మళ్ళీ నింపాలి. ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగన్నం కాదు కదా.

పెళ్ళికీ రాకెట్‌కీ ఒక్క తేడా ఉంది. పెళ్ళిలో ‘లగ్నం దాటిపోతోంది’ అని కేక పడితే ఏ పని పూర్తయినా కాకపోయినా గట్టిమేళం మోగాల్సిందే. వరుడి బొటనవేలికి దెబ్బ తగిలినా, ఫొటోగ్రాఫర్ బ్యాటరీ అయిపోయినా ముహూర్తం ఆగదు. రాకెట్ ముహూర్తం ఆగుతుంది. దానికోసమే ప్రత్యేకంగా ఏర్పాటుంది, దాని పేరు హోల్డ్. నాసా స్పేస్ షటిల్ గడియారం టి మైనస్ 43 గంటల దగ్గర మొదలయ్యేది, కానీ సున్నా చేరడానికి దాదాపు మూడు రోజులు పట్టేది. మధ్యలో ఆగడానికే కొన్ని గంటలు ముందుగా కేటాయించేవాళ్ళు, ఎక్కడో ఏదో తేడా వస్తుందని అనుభవం కాబట్టి. సినిమాలో హోల్డ్ ఉండదు. బాంబు టైమర్ ఆగితే హీరో ఆపాలి, అదీ ఆఖరి సెకన్లలో. ‘గోల్డ్‌ఫింగర్’లో అయితే సరిగ్గా 007 దగ్గర ఆగింది. సినిమా కౌంట్‌డౌన్ సున్నాకి చేరడానికి పుట్టింది. ఇంజనీర్ల కౌంట్‌డౌన్ ప్రతి మెట్టు దగ్గరా ‘ఇక్కడ ఆగాలా’ అని అడగడానికి పుట్టింది.

రష్యన్లకి మొదటిది అసలు లేదు. 1961 ఏప్రిల్ 12న గగారిన్ బయల్దేరినప్పుడు పది, తొమ్మిది అని ఎవరూ చదవలేదు. వాళ్ళ పద్ధతిలో ఒక్కొక్క పనికీ ఒక్కొక్క ఆదేశం వినిపిస్తుంది, చివర ఇంజన్లు అంటుకుంటాయి. 1984లో మన రాకేశ్ శర్మ కూడా అలాగే వెళ్ళాడు. అయితే అంకెలు చదవనంత మాత్రాన ఒత్తిడి లేదని కాదు. 1960 అక్టోబర్ 24న బైకనూర్‌లో కొత్త క్షిపణి ఒకటి లాంచ్‌ప్యాడ్ మీద ఇంధనం నింపుకుని నిలబడి ఉంది. నవంబర్ 7 విప్లవ వార్షికోత్సవం లోపల ఎగరాలని పైనుంచి తొందర. లోపాలు కనపడినా ఇంధనం తీసేయకుండానే మరమ్మతులు మొదలుపెట్టారు. కార్యక్రమానికి అధిపతి మార్షల్ నెడెలిన్ ప్యాడ్ దగ్గరే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ప్రయోగానికి ఇంకా అరగంట ఉందనగా రెండో దశ ఇంజన్ దానంతటదే అంటుకుంది. ఆయనతో పాటు డెబ్బై మందికి పైగా కాలిపోయారు. మార్షల్ విమాన ప్రమాదంలో పోయాడని ప్రభుత్వం ప్రకటించింది. నిజం దాదాపు ముప్పై ఏళ్ళు బయటికి రాలేదు.

*

ఇప్పుడు సూళ్ళూరుపేట దాటి, పులికాట్ సరస్సు మధ్యలో వేసిన రోడ్డు మీదుగా శ్రీహరికోటకి వద్దాం. ఇక్కడ ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు చెంగాళమ్మ గుడికి వెళ్ళడం ఆనవాయితీ. ప్రతిసారీ ఆ ఫొటో వస్తుంది, ప్రతిసారీ సోషల్ మీడియాలో సైన్సూ దేవుడూ అని అదే కొట్లాట జరుగుతుంది. నాకు ఆ కొట్లాట మీద ఆసక్తి లేదు. గుడికి వెళ్ళొచ్చాక కూడా అవసరమైతే ప్రయోగం ఆపుతున్నారా లేదా అన్నదే నా ప్రశ్న. ఆపుతున్నారు.

2001 మార్చి 28, మొదటి జీఎస్ఎల్‌వీ. అప్పటికి క్రయోజనిక్ ఇంజన్ కోసం దేశం పదేళ్ళు ఎదురుచూసింది. పక్కనున్న నాలుగు బూస్టర్లు అసలు లేచే క్షణం కన్నా కొన్ని సెకన్ల ముందే అంటుకోవాలి. అంటుకున్నాయి. టీవీలో పొగా మంటా కనిపించాయి. ఒక బూస్టర్ చాలినంత తోపు ఇవ్వట్లేదని కంప్యూటర్ గమనించి, ఆఖరి సెకనులో అన్నిటినీ ఆర్పేసింది. రాకెట్ కదల్లేదు. ప్రత్యక్ష ప్రసారంలో చూసినవాళ్ళకి అది తుస్సుమన్న టపాకాయ. నిజానికి ఆ రోజు శ్రీహరికోటలో అన్నిటికన్నా బాగా పనిచేసింది ఆ ఆపేసిన ప్రోగ్రామే. మూడు వారాల తర్వాత ఏప్రిల్ 18న అదే రాకెట్ ఎగిరింది.

2019 జులై 15, చంద్రయాన్-2. ముహూర్తం తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలు. దేశం నిద్ర మానుకుని కూర్చుంది. రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ స్వయంగా శ్రీహరికోటలో ఉన్నారు. టి మైనస్ 56 నిమిషాల 24 సెకన్ల దగ్గర గడియారం ఆగింది. సాంకేతిక లోపం, ఈరోజు లేదు అన్నారు. మన ఊళ్ళో ఎమ్మెల్యే వచ్చి కూర్చున్నాక రిబ్బన్ కట్ చేయడం ఆపగల ఏఈ ఎవరైనా ఉన్నారేమో ఒకసారి ఊహించుకోండి. ఇక్కడ రాష్ట్రపతిని వెనక్కి పంపారు. వారం తర్వాత, జులై 22 మధ్యాహ్నం, రాకెట్ నిక్షేపంగా వెళ్ళింది. సెప్టెంబర్‌లో విక్రమ్ చంద్రుడి మీద సాఫీగా దిగలేకపోవడం వేరే కథ.

2023 అక్టోబర్ 21, గగన్‌యాన్ పరీక్ష. వాతావరణం వల్ల ఆలస్యమై, చివరికి లెక్క ఐదు దాకా వచ్చింది. ఐదు సెకన్ల దగ్గర కంప్యూటర్ ఆపేసింది. మనుషుల్ని ప్రమాదం నుంచి తప్పించే వ్యవస్థని పరీక్షించే ప్రయోగం అది. దాన్నే ఆపాల్సి రావడం చూసి జోకులు పడ్డాయి. కారణం కనుక్కుని, సరిచేసి, పది గంటలకి వదిలారు. పని అయింది.

ఆపడం ఇంత మామూలుగా ఎలా వచ్చింది? ఒకప్పుడు ఆపకపోవడం వల్ల. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్ఎల్‌వీ-3. మిషన్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. ఈ కథ ఆయనే తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. ఆఖరి నిమిషాల్లో కంప్యూటర్ హోల్డ్ పెట్టింది, కంట్రోల్ సిస్టమ్‌లో లీకు. నిపుణులు లెక్కలు వేసి ఇంధనం చాలినంత ఉంది, ఫరవాలేదన్నారు. కలాం కంప్యూటర్‌ని పక్కనపెట్టి ప్రయోగానికి ఆదేశమిచ్చారు. మొదటి దశ బాగానే వెళ్ళింది. రెండో దశ అదుపు తప్పింది. రాకెట్ బంగాళాఖాతంలో పడింది. పాత్రికేయుల ముందుకి కలాంని పంపకుండా ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ తానే వెళ్ళి ఆ వైఫల్యాన్ని తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న రెండో ప్రయత్నం ఫలించినప్పుడు మాత్రం కలాంనే వెళ్ళి మాట్లాడమన్నారు.

ఈ కథని మనం నాయకత్వ లక్షణాల మీద వాట్సాప్ మెసేజ్‌గా చదువుకున్నాం. ధవన్ గొప్పతనం సరే, ఒప్పుకుందాం. కానీ అందులో ఇంకో పాత్ర ఉంది, ఆగమన్న కంప్యూటర్. దాని మాట ఆ రోజు చెల్లలేదు. 2001లో చెల్లింది, 2019లో చెల్లింది. నా దృష్టిలో ఇస్రో చరిత్రలో పెద్ద మార్పు ఇదే, దీనికి మాత్రం పోస్టర్ లేదు.

*

వార్తలు ఈ విషయంలో ఎటువైపు ఉంటాయో అమెరికాలో తెలిసొచ్చింది. 1986 జనవరిలో ఛాలెంజర్ షటిల్ ప్రయోగం పదే పదే వాయిదా పడింది. 27న అయితే తలుపు పిడి తాలూకు బోల్టు ఒకటి ఊడిరాక, అది ఊడేసరికి గాలి పెరిగి, మానుకున్నారు. టీవీ వార్తల్లో వెటకారాలు పడ్డాయి. ఆ రాత్రి బూస్టర్లు తయారుచేసే కంపెనీ ఇంజనీర్లు, రోజర్ బోయ్‌జోలీ వగైరా, ఫోన్ సమావేశంలో గట్టిగా చెప్పారు. రేపు ఉదయం గడ్డకట్టే చలి, కీళ్ళ దగ్గరి రబ్బరు రింగులు ఆ చలిలో బిగుసుకుంటాయి, వద్దు అని. నాసా వాళ్ళు విసుక్కున్నారు. కంపెనీ పెద్ద ఒకాయన తన పక్కనున్న ఇంజనీరింగ్ అధిపతితో, ఇంజనీరు టోపీ తీసి మేనేజర్ టోపీ పెట్టుకొమ్మన్నాడు. ఇది విచారణ సంఘం ముందు రికార్డయిన సంగతి. టోపీ మారింది. మర్నాడు లెక్క సున్నాకి చేరింది. 73 సెకన్ల తర్వాత షటిల్ ముక్కలైంది, ఏడుగురు పోయారు.

ఆ టోపీ మార్పిడి రాకెట్ల దగ్గరే జరుగుతుందనుకోకండి. నా వృత్తిలో రాత్రి పన్నెండింటికి కొత్త సిస్టమ్ మొదలుపెట్టడాన్ని ‘గో-లైవ్’ అంటారు. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక చోట (పేరు అనవసరం) గోడ మీది టీవీలో పెద్ద కౌంట్‌డౌన్ గడియారం పెట్టారు. పిజ్జాలు తెప్పించారు. పదకొండున్నరకి టెస్టింగ్ టీంలో ఒకమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర కూడా కాలేదు, లేచి నిలబడి, “సార్, పేమెంట్ ఫెయిలయ్యాక మళ్ళీ నొక్కితే రెండుసార్లు డబ్బు కట్ అవుతోంది,” అంది. “నోటెడ్ అమ్మా, లిస్టులో రాసుకో, రేపు చూద్దాం,” అన్నాడు మేనేజర్. క్లయింట్ వాళ్ళ పెద్దాయన పొద్దున్న ఏదో వేదిక మీద ప్రకటన చేయాల్సి ఉంది. పన్నెండింటికి అందరూ పది, తొమ్మిది అని గట్టిగా అరిచారు, చప్పట్లు కొట్టారు. తెల్లారి నాలుగింటికి పాత సిస్టమ్‌కి వెనక్కి వెళ్ళాం. డబ్బు రెండుసార్లు పోయిన జనానికి తిరిగివ్వడానికి వారం పట్టింది. తర్వాత జరిగిన సమీక్షలో ఆ గడియారం టీంలో స్ఫూర్తి నింపిందని రాశారు. ఆ అమ్మాయి పేరు ఆ డాక్యుమెంట్‌లో లేదు.

అక్కడ ఎవరూ చచ్చిపోలేదు. అందుకే ఆ గడియారానికి హోల్డ్ బటన్ ఉండాలని ఎవరికీ తట్టలేదు. మనం రాకెట్ వాళ్ళ దగ్గర అంకెలు తెచ్చుకున్నాం, చప్పట్లు తెచ్చుకున్నాం, ‘వార్ రూమ్’ అని మిలిటరీ నుంచి పేరు కూడా తెచ్చుకున్నాం. ఒక్కొక్క టేబుల్ దగ్గరికీ వెళ్ళి ‘మీరు సిద్ధమేనా’ అని అడిగే పద్ధతి మాత్రం తెచ్చుకోలేదు. కాదన్న జవాబుకి విలువ ఉంటేనే ఆ ప్రశ్నకి అర్థం. లేకపోతే అది పెళ్ళిలో ‘భోజనాలు అయ్యాయా’ అని అడగడం లాంటిది, జవాబు కోసం ఎవరూ నిలబడరు.

*

2023 జులై 14న చంద్రయాన్-3కి లెక్క చదివిన గొంతు వళర్మతి గారిది. శ్రీహరికోట ప్రయోగాల్లో చాలామందికి తెలిసిన గొంతు. ఆ సెప్టెంబర్‌లో ఆమె చనిపోయారు.  అప్పుడు వచ్చిన వార్తలన్నీ ఆమె చదివిన అంకెల్నే తలుచుకున్నాయి, అది న్యాయమే. ఆ ఆఖరి అంకెల కన్నా ముందు జరిగే పనుల జాబితా ఎంత పొడుగో మనకి వినిపించదు. ఒక్కొక్క దశా సిద్ధమని చెప్పే గొంతులు, ఆగండి అనడానికి హక్కున్న గొంతులు ప్రసారంలో వెనకెక్కడో సన్నగా వినపడి పోతాయి. వ్యాఖ్యాత వాటి మీద మాట్లాడేస్తుంటాడు.

లాంగ్‌ని నేను తప్పుపట్టను. ఆయన పని ప్రేక్షకుణ్ణి కూర్చోబెట్టడం, బ్రహ్మాండంగా చేశాడు. ఆ సినిమా ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, వీలుంటే చూడండి. మొదటి గంట ఫాస్ట్ ఫార్వర్డ్ చేసుకున్నా పాపం లేదు. రాకెట్ షెడ్డులోంచి బయటికి వచ్చే దగ్గర మాత్రం ఆగండి, తొంభై ఏళ్ళు దాటినా ఒళ్ళు జలదరిస్తుంది. అంకెలు వచ్చేటప్పుడు మీరు కూడా లోపల్లోపల లెక్కపెడతారు. నేను పెట్టాను.

ఆ తర్వాత ఒకరోజు ఓపిక చేసుకుని శ్రీహరికోట ప్రత్యక్ష ప్రసారం గంట ముందు నుంచి చూడండి. ఏమీ జరగదు. ఎవరో ఏదో చదువుతారు, ఎవరో సరేనంటారు. బోర్ కొడుతుంది. మధ్యలో గడియారం ఆగితే ‘ఇస్రోకి ఎదురుదెబ్బ’ అని స్క్రోలింగ్ వస్తుంది. ఆ స్క్రోలింగ్ చూసి ఫోన్ పక్కన పడేయకండి. సిగ్నల్ లేని కారణం కనుక్కునేదాకా, వాల్వ్ సంగతి తేలేదాకా, ఆ గదిలో ఎవరి మాటో చెల్లుతోందని అర్థం.

ఇక ప్రభుత్వాలకి మొదలైన కౌంట్‌డౌన్ల సంగతంటారా, వాటిలో హోల్డ్ లేదు, టి మైనస్ ఎంతో ఎవరికీ తెలీదు, ఇంధనం మాత్రం ఎప్పుడూ నిండుగా ఉంటుంది. వాటికి కాస్త దూరంగా నిలబడటం క్షేమం.